క్లోజర్ లేని సీజన్: 2023లో మెట్స్ ఎక్కడ కుంగింది?

2023 మార్చి 15 రాత్రి మయామిలోని లోన్‌డిపో పార్క్‌లో జరిగిన వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ మ్యాచ్‌లో ప్యూర్టోరికో 5-2 తేడాతో డొమినికన్ రిపబ్లిక్‌ను ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. చివరి ఇన్నింగ్స్‌లో ముగ్గురు బ్యాటర్లనూ బంతిని కొట్టనివ్వకుండా ఔట్ (స్ట్రయికౌట్) చేసి గెలుపును ఖాయం చేసిన ఎడ్విన్ డియాజ్, సహచరులతో కలిసి గంతులు వేస్తూనే కుప్పకూలాడు. అతణ్ని చక్రాల కుర్చీలో బయటకు తీసుకెళ్లారు. కుడి మోకాలి చిప్ప కింది స్నాయువు పూర్తిగా తెగిందని మర్నాడు తేలింది. శస్త్రచికిత్స జరిగింది. మేజర్ లీగ్ సీజన్ మొదలవడానికి ఇంకా రెండు వారాలు ఉండగానే న్యూయార్క్ మెట్స్ జట్టు తన క్లోజర్‌ను, అంటే మ్యాచ్‌ను ముగించే పిచర్‌ను (బంతి విసిరేవాణ్ని), ఆ ఏడాదికి పోగొట్టుకుంది.

ఆ సీజన్‌లో మెట్స్ 75 మ్యాచ్‌లు గెలిచి 87 ఓడింది. అంతకుముందు ఏడాది అదే జట్టు 101 గెలిచింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, మధ్యలో డియాజ్ మోకాలిని కారణంగా చూపించడం చాలామందికి అలవాటైంది. ఆ లెక్క అంత తేలికగా కుదరదు. క్లోజర్ వెళ్లిపోయినప్పుడు జట్టుకు నిజంగా ఏమవుతుందో తెలియాలంటే, ఆ పాత్ర ఎలా పుట్టిందో, దానికి అంత విలువ ఎలా వచ్చిందో ముందు చూడాలి.

బేస్‌బాల్‌లో ఒకసారి మైదానం నుంచి తప్పించిన పిచర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ బంతి పట్టుకోవడానికి వీల్లేదు. క్రికెట్‌లో కెప్టెన్ తన చివరి ఓవర్ల బౌలర్‌తో మొదట్లో రెండు ఓవర్లు వేయించి, మళ్లీ చివరికి పిలవగలడు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అందుకే మేనేజర్ తన రిలీవర్లను, అంటే మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ (స్టార్టర్) తర్వాత వచ్చేవారిని, ఆరో ఇన్నింగ్స్ నుంచి ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా వరుస పెట్టుకుంటాడు. ఆ వరుసలో చివరివాడు క్లోజర్: స్వల్ప ఆధిక్యాన్ని కాపాడుతూ ఆఖరి మూడు ఔట్లు తీయడం అతని పని.

ఈ పాత్ర ఆటతోపాటు పుట్టింది కాదు. చికాగో పత్రికా రచయిత జెరోమ్ హోల్ట్‌జ్‌మన్, రిలీవర్లకు తగిన గుర్తింపు దక్కడం లేదని భావించి, 1960 ప్రాంతంలో 'సేవ్' అనే లెక్కను రూపొందించారు. 1959లో పిట్స్‌బర్గ్ రిలీవర్ రాయ్ ఫేస్ 18 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి నమోదు చేయడం ఆయన్ను ఆలోచింపజేసింది. పలుమార్లు ఫేస్ ఆధిక్యాన్ని తానే పోగొట్టి, తర్వాత తన బ్యాటర్లు పరుగులు చేయడంతో విజేత అయ్యాడు. 1969లో మేజర్ లీగ్ సేవ్‌ను అధికారిక గణాంకంగా స్వీకరించింది. ఇప్పటి నిబంధన ప్రకారం, మూడు లేదా అంతకంటే తక్కువ పరుగుల ఆధిక్యంతో వచ్చి కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి మ్యాచ్ ముగించినవారికి సేవ్ దక్కుతుంది. స్కోరు సమం చేయగల ఆటగాడు బేస్ మీదో, బ్యాటింగ్‌లోనో, తర్వాతి వంతులోనో ఉన్నప్పుడు వచ్చి ముగించినా దక్కుతుంది.

డెబ్బయిల్లో రోలీ ఫింగర్స్, గూస్ గాసేజ్ వంటివారు రెండేసి, మూడేసి ఇన్నింగ్స్ వేసి మ్యాచ్‌లు ముగించేవారు. 1988లో ఓక్లండ్ మేనేజర్ టోనీ లా రూసా, స్టార్టర్‌గా వయసు మీరిందనుకున్న డెన్నిస్ ఎకర్స్‌లీని దాదాపుగా తొమ్మిదో ఇన్నింగ్స్‌కే పరిమితం చేశారు. ఆ ఏడాది ఎకర్స్‌లీ 45 సేవ్‌లు సాధించాడు. 1992లో 51 సేవ్‌లతో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డునూ, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డునూ ఒకేసారి గెలుచుకున్నాడు. మిగతా జట్లన్నీ ఆ దారే పట్టాయి. రిలీవర్ శ్రమను కొలవడానికి తయారుచేసిన లెక్క, అక్కడి నుంచి రిలీవర్‌ను ఎప్పుడు దించాలో నిర్ణయించే స్థాయికి చేరింది.

దాని పర్యవసానం 2016 అక్టోబర్ 4న టొరంటోలో జరిగిన నాకౌట్ మ్యాచ్‌లో కనిపించింది. ఆ సీజన్‌లో 47 అవకాశాల్లో 47 సేవ్‌లు సాధించిన జాక్ బ్రిటన్‌ను బాల్టిమోర్ మేనేజర్ బక్ షోవాల్టర్, ఆధిక్యం వస్తే కాపాడటానికని అట్టే పెట్టారు. ఆధిక్యం రాలేదు. స్కోర్లు సమమై ఆట సాగిన పదకొండో ఇన్నింగ్స్‌లో ఎడ్విన్ ఎన్‌కార్నసియోన్ హోమ్ రన్‌తో (బంతిని మైదానం అవతలికి కొట్టిన దెబ్బతో) బాల్టిమోర్ సీజన్ ముగిసింది. బ్రిటన్ ఒక్క బంతీ వేయలేదు. తర్వాత ఇదే షోవాల్టర్ మెట్స్ మేనేజర్‌గా, 2022 పోస్ట్ సీజన్‌లో (లీగ్ మ్యాచ్‌ల తర్వాతి నాకౌట్ దశలో) సాన్ డియాగోతో జరిగిన రెండో మ్యాచ్‌లో డియాజ్‌ను ఏడో ఇన్నింగ్స్‌లోనే దించారు. ఆయన ధోరణిలో వచ్చిన ఈ మార్పు నాకు గౌరవించదగినదిగా తోస్తుంది. బంతి ఎవరి చేతిలో ఉండాలన్నది ఇన్నింగ్స్ సంఖ్యను బట్టి కాక, మ్యాచ్ ఎక్కడ తెగిపోయేలా ఉందో దాన్ని బట్టి నిర్ణయించారు.

ఆ 2022లో డియాజ్ స్థాయి అసాధారణం. 62 ఇన్నింగ్స్‌లలో 118 స్ట్రయికౌట్లు, 32 సేవ్‌లు, తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున ఇచ్చినవి 1.31 పరుగులు. సిటీ ఫీల్డ్‌లో అతను బుల్‌పెన్ (రిలీవర్లు సిద్ధమయ్యే చోటు) నుంచి పరుగెత్తుకొస్తుంటే మోగే ట్రంపెట్ బాణీకి స్టేడియమంతా లేచి నిలబడేది. సీజన్ ముగియగానే మెట్స్ అతనితో అయిదేళ్లకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఒక రిలీవర్‌కు అప్పటిదాకా అంత మొత్తం ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లకుగాను సుమారు 1,450 ఇన్నింగ్స్ బౌల్ చేస్తుంది. అందులో డియాజ్ వేసినవి 62, అంటే నాలుగు శాతం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లోకి ఆధిక్యంతో అడుగుపెట్టిన జట్లు 100 మ్యాచ్‌లలో దాదాపు 95 గెలుస్తాయి. క్లోజర్ అనే పాత్ర రాకముందూ, వచ్చాకా ఈ నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆధిక్యం ఒక్క పరుగే అయినా 85 దాకా గెలుస్తాయి. మామూలు రిలీవర్ స్థానంలో డియాజ్ ఉండటం వల్ల 2022లో మెట్స్‌కు అదనంగా వచ్చిన గెలుపులు సుమారు మూడని ప్రచారంలో ఉన్న గణాంకాలు చెబుతాయి. కీలక క్షణాల్లో వేసే ఇన్నింగ్స్ కాబట్టి మరో ఒకటి రెండు కలుపుకున్నా, 101కీ 75కీ మధ్య ఉన్న 26 గెలుపుల అగాధాన్ని ఒక మనిషి మీద మోపడం న్యాయం కాదు.

పాత సీజన్లు కూడా ఈ మాటే చెబుతాయి. 2010 మార్చిలో మిన్నెసోటా క్లోజర్ జో నేథన్ మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స (తెగిన లిగమెంటును మార్చేది) చేయించుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది అతనివి 47 సేవ్‌లు. మిన్నెసోటా ఆ పనిని జాన్ రౌచ్‌కు అప్పగించి, జులై చివర్లో వాషింగ్టన్ నుంచి మ్యాట్ క్యాప్స్‌ను తెచ్చుకుని, 94 గెలుపులతో డివిజన్ (లీగ్‌లో తమ విభాగం) టైటిల్ దక్కించుకుంది. 2012 ఏప్రిల్‌లో సాన్ ఫ్రాన్సిస్కో బ్రయన్ విల్సన్‌ను పోగొట్టుకుంది. మొదట శాంటియాగో కసియా, అతను తడబడ్డాక సెర్జియో రోమో ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ అక్టోబర్‌లో బ్యాటింగ్‌లో మూడు ప్రధాన గణాంకాల్లోనూ అగ్రస్థానం (ట్రిపుల్ క్రౌన్) సాధించిన మిగెల్ కబ్రేరాను కదలనివ్వకుండా స్ట్రయికౌట్ చేసి వరల్డ్ సిరీస్‌ను ముగించింది రోమోయే.

ఈ ఉదాహరణల్లో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది 2012 న్యూయార్క్ యాంకీస్. మే 3న కాన్సస్ సిటీలో మ్యాచ్‌కు ముందు, తనకు ఎప్పటి నుంచో ఇష్టమైన అలవాటు ప్రకారం అవుట్‌ఫీల్డ్‌లో క్యాచ్‌లు పడుతూ మరియానో రివేరా మోకాలి లిగమెంటు తెంచుకున్నాడు. అప్పటికి అతనివి 608 సేవ్‌లు, వయసు 42. మొదట అవకాశం డేవిడ్ రాబర్ట్‌సన్‌కు దక్కింది. అతను ఒక మ్యాచ్‌ను చేజార్చి, వెంటనే పక్క కండరం గాయంతో తప్పుకున్నాడు. అప్పుడు రఫాయెల్ సొరియానో వచ్చాడు. 2010లో టాంపా బేకి 45 సేవ్‌లు అందించిన సొరియానోను యాంకీస్ మూడేళ్లకు 3.5 కోట్ల డాలర్లిచ్చి, రివేరాకు ముందు ఎనిమిదో ఇన్నింగ్స్ వేయడానికి తెచ్చుకుంది. ఖర్చు దండగ అని అప్పట్లో విమర్శలు వచ్చాయి. అతను ఆ ఏడాది 42 సేవ్‌లు సాధించాడు, యాంకీస్ 95 గెలుపులతో డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. రాబర్ట్‌సన్ కోలుకుని తిరిగి ఎనిమిదో ఇన్నింగ్స్‌కు వెళ్లాడు. ఒక మనిషి పోయినా వరుస చెదరలేదు, ఎందుకంటే ఆ వరుసలో ముగ్గురు క్లోజర్లున్నారు.

దీనికి ఎదురుగా 2005 లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను చూపిస్తారు. వరసగా 84 సేవ్‌ల రికార్డు నెలకొల్పిన ఎరిక్ గాన్యే ఆ ఏడాది మోచేతి గాయంతో 14 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. జట్టు 93 గెలుపుల నుంచి 71కి పడిపోయింది. అయితే 2004లో 48 హోమ్ రన్‌లు కొట్టిన ఆడ్రియన్ బెల్ట్రే సియాటిల్‌కు వెళ్లిపోయాడనీ, జె.డి. డ్రూ, మిల్టన్ బ్రాడ్‌లీ గాయాలతో సగం సీజన్ దూరమయ్యారనీ అదే నోటితో చెప్పాలి. క్లోజర్ గాయం అందరికీ గుర్తుండిపోతుంది, ఎందుకంటే అతని పనికి ఒక అంకె ఉంది, ఒక వేళ ఉంది. మిగతా నష్టాలు నెలల తరబడి కొద్దికొద్దిగా జరుగుతాయి.

2023 మెట్స్ దగ్గరకు మళ్లీ వస్తే, డియాజ్ స్థానంలో క్లోజర్ అయింది ఎవరో కాదు, పదకొండేళ్ల క్రితం రివేరా స్థానంలో మొదట నిలబడిన రాబర్ట్‌సనే. అతణ్ని మెట్స్ ఒక ఏడాదికి కోటి డాలర్లిచ్చి, డియాజ్‌కు ముందు ఇన్నింగ్స్ కోసం తీసుకుంది. ఏప్రిల్‌లో 38 ఏళ్లు నిండిన రాబర్ట్‌సన్ 14 సేవ్‌లు, 2.05 సగటుతో ఆ పని బాగానే చేశాడు. అంటే తొమ్మిదో ఇన్నింగ్స్ చాలావరకు నిలిచింది. ఖాళీ అయింది రాబర్ట్‌సన్ వదిలి వచ్చిన చోటు. అతను వేయాల్సిన ఎనిమిదో ఇన్నింగ్స్ ఆడం ఒట్టవినోకు, ఒట్టవినో వేయాల్సిన ఏడో ఇన్నింగ్స్ అంతకంటే నమ్మకం తక్కువైనవారికి వెళ్లింది. క్లోజర్ పోయినప్పుడు పరుగులు కారిపోయేది సాధారణంగా ఈ మధ్య ఇన్నింగ్స్‌లలోనే. అక్కడ జరిగే నష్టానికి సేవ్ పట్టికలో చోటు లేదు.

దీనికి తోడు స్టార్టర్లు త్వరగా బయటికొస్తే ఆ ఖాళీ ఇంకా వెడల్పవుతుంది. మెట్స్‌కు సరిగ్గా అదే జరిగింది. భారీ మొత్తంతో తెచ్చుకున్న జస్టిన్ వెర్లాండర్ భుజం కండరం గాయంతో మే నెల వచ్చేదాకా బరిలోకి దిగలేదు. హోసే కింటానా పక్కటెముక శస్త్రచికిత్స వల్ల జులై దాకా రాలేదు. మ్యాక్స్ షెర్జర్‌ను చేతిమీద జిగురు పదార్థం ఉందని అంపైర్లు ఏప్రిల్‌లో మైదానం నుంచి పంపేయడంతో 10 మ్యాచ్‌ల నిషేధం పడింది. స్టార్టర్ అయిదో ఇన్నింగ్స్‌లో చేతులెత్తేస్తే, బుల్‌పెన్ నాలుగు ఇన్నింగ్స్ మోయాలి; వరుసలో ఇద్దరు గట్టివారు మాత్రమే ఉంటే మిగతా రెండు ఇన్నింగ్స్ ఎవరివి?

ఆ ప్రశ్నకు జవాబు జూన్ 6, 7, 8 తేదీల్లో అట్లాంటాలో దొరికింది. మూడు రోజులూ మెట్స్ మూడు లేదా అంతకు మించిన పరుగుల ఆధిక్యం సంపాదించింది, మూడు రోజులూ ఓడింది. మూడో మ్యాచ్‌లో రాబర్ట్‌సన్ కూడా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒర్లాండో అర్సియాకు స్కోరు సమం చేసే హోమ్ రన్ ఇచ్చాడు. పదో ఇన్నింగ్స్‌లో ఓజీ ఆల్బీస్ కొట్టిన హోమ్ రన్‌తో అట్లాంటా 13-10తో గెలిచింది. డియాజ్ ఉండి ఉంటే ఆ మూడింటిలో ఒకటి మెట్స్‌ది అయ్యేదని వాదించవచ్చు, ఆ వాదనలో బలం ఉంది. కానీ ఆ జూన్‌లో మెట్స్ 7 గెలిచి 19 ఓడింది. ఆధిక్యమే లేని మ్యాచ్‌లో క్లోజర్ చేయగలిగింది ఏమీ లేదు.

జులై 27 రాత్రి రాబర్ట్‌సన్‌ను ఇద్దరు యువ ఆటగాళ్లకు మారుగా మయామికి ఇచ్చేశారు. కొద్ది రోజుల్లోనే షెర్జర్ టెక్సస్‌కు, వెర్లాండర్ హ్యూస్టన్‌కు వెళ్లారు. 35 కోట్ల డాలర్లకు అటూఇటూ జీతాలతో సీజన్ మొదలుపెట్టిన జట్టు డివిజన్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, షోవాల్టర్ పదవి పోయింది.

తర్వాతి రెండేళ్లు ఈ చర్చకు ఎవరూ కావాలని ఏర్పాటు చేయలేనంత చక్కటి పరీక్ష అయ్యాయి. 2024లో డియాజ్ తిరిగొచ్చాడు, కానీ మునుపటి డియాజ్ కాదు: 20 సేవ్‌లు, 3.52 సగటు, మే నెలలో క్లోజర్ స్థానం తాత్కాలికంగా కోల్పోవడం, జూన్‌లో జిగురు కారణంగా 10 మ్యాచ్‌ల నిషేధం. పోస్ట్ సీజన్ బెర్తు కోసం సెప్టెంబర్ 30న అట్లాంటాలో ఆడిన మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని చేజార్చి, ఫ్రాన్సిస్కో లిండోర్ హోమ్ రన్ కొట్టాక తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ నిలబడి ముగించాడు. అయినా మెట్స్ 89 మ్యాచ్‌లు గెలిచి నేషనల్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. 2025లో డియాజ్ 28 సేవ్‌లు, 1.63 సగటుతో పూర్వపు ఫామ్ అందుకున్నాడు. స్టార్టర్ల వరుస వేసవిలో కూలిపోవడంతో మెట్స్ 83 గెలుపుల దగ్గర ఆగి, సీజన్ చివరి రోజున పోస్ట్ సీజన్‌కు దూరమైంది. ఆ డిసెంబర్‌లో డియాజ్ మూడేళ్ల ఒప్పందం మీద డాడ్జర్స్‌కు వెళ్లిపోయాడు. క్లోజర్ అనుభవమున్న డెవిన్ విలియమ్స్‌తో పాటు ల్యూక్ వీవర్‌నూ మెట్స్ తెచ్చుకుంది, అంటే ఈసారి ఎనిమిదో ఇన్నింగ్స్‌కు కూడా డబ్బు పెట్టింది.