కోర్టు ఇచ్చే ఉచిత లాయరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఛార్జిషీట్ పడి, కేసు విచారణకు వచ్చాకే కోర్టు లాయర్ని ఇస్తుంది.

జైలు ములాఖత్ దగ్గర ఇంటివాళ్లు తరచూ అనే మాట ఇది. మిగతా అపోహలన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. అరెస్టయిన మనిషిని మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన రోజే లాయర్ని అడిగే హక్కు ఉంది. స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని ఇస్తామని చెప్పడం మేజిస్ట్రేటు బాధ్యతేనని 2012లో కసబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన చెప్పకపోతే నోరు తెరిచి మీరే అడగండి: "లాయర్ లేడు సార్, లీగల్ ఎయిడ్ కావాలి." అంతే చాలు.

తొందరెందుకంటే, రిమాండ్ మొదటి రోజు నుంచే లెక్క మొదలవుతుంది. మామూలు చట్టాల కింద కేసుల్లో, నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే. 61వ రోజు పొద్దున పిటిషన్ వేయలేదు, మధ్యాహ్నం ఛార్జిషీట్ పడింది అనుకోండి, ఆ హక్కు పోయినట్టే. లాయర్ లేని ఖైదీకి ఇవాళ ఎన్నో రోజో కూడా తెలియదు. రిమాండ్ పొడిగింపు చాలాసార్లు వీడియో తెర మీద నిమిషంలో ముగిసిపోతుంది మరి.

అపోహ: ఆదాయ సర్టిఫికెట్ లేనిదే దరఖాస్తు తీసుకోరు.

మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనే లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 చూడండి. ఆదాయం చూసే మిగతావాళ్ల విషయంలో కూడా అఫిడవిట్ సరిపోతుందని అదే చట్టం ఒప్పుకుంటోంది. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతూ రిమాండ్ రోజులు పోగొట్టుకోకండి.

అపోహ: ఉచిత లాయరు పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) మనిషే.

కాదు. పీపీ ప్రాసిక్యూషన్ తరఫు, అంటే నిందితుడి మీద కేసు నడిపే ప్రభుత్వం వైపు. ఉచిత లాయరుకు ఫీజు ఇచ్చేది లీగల్ ఎయిడ్ చూసే న్యాయ సేవాధికార సంస్థ. "ఫైలింగ్ ఖర్చులు" అంటూ చెయ్యి చాపితే ఇవ్వకండి, సంస్థ కార్యదర్శికి కాగితం మీద ఫిర్యాదు రాసి, లాయర్ని మార్చమనండి.

అపోహ: ఉచితమంటే కుర్ర లాయరే వస్తాడు.

యావజ్జీవం, మరణశిక్ష పడే కేసుల్లో కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లనే పెట్టాలని, సిద్ధం కావడానికి మామూలుగా 7 రోజులకు తక్కువ కాకుండా ఇవ్వాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: పారా లీగల్ వాలంటీర్ కోర్టులో వాదిస్తాడు.

వాదించడు, ఆయన లాయరు కాదు, న్యాయ సేవాధికార సంస్థ తరఫున సాయం చేసే మనిషి. దరఖాస్తు రాసిపెట్టడం, వకాలత్ (లాయర్ని పెట్టుకున్నట్టు ఇచ్చే కాగితం) మీద సంతకం తేవడం, బెయిల్ వచ్చినా జామీనుదార్లు దొరక్క జైల్లోనే ఉండిపోయినవాళ్ల సంగతి సంస్థకు చేరవేయడం ఆయన పని.

ఆయన్ని కలిసినా, లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా ఈ అయిదూ చేతిలో ఉంచుకోండి: ఖైదీ పేరు, పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు, సెక్షన్లు, మొదటి రిమాండ్ తేదీ. చివరిదే చాలామంది రాసిపెట్టుకోరు.