కెమెరా కిందికి దిగిన నాడు: కమాండోస్ అభిమానుల పాత గొడవకు మూలం

కమాండోస్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంలో, శత్రువు కంట పడకుండా పని ముగించే కంప్యూటర్ ఆటల వరస. 2025 ఏప్రిల్ 9న అందులో 'కమాండోస్: ఆరిజిన్స్' వచ్చినప్పటి నుంచి పాత గొడవ మళ్లీ లేచింది. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డ మా నల్లగొండ ఇంటర్నెట్ సెంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో కొత్త ఆట గురించి ఎక్కడ మొదలుపెట్టినా మాట 2006కే పోతోంది. ఆ ఏడాది వచ్చిన 'కమాండోస్: స్ట్రైక్ ఫోర్స్' నిజంగా మోసం చేసిన ఆటా, లేక మనమే దానికి అన్యాయం చేశామా?

ఈ ఆటలు తీసిన మాడ్రిడ్‌లోని పైరో స్టూడియోస్, డిజైనర్ గోంజో సువారెజ్, 1998లో మొదటి ఆట, 2001లో రెండోది... ఇవన్నీ ఆడినవాళ్లకు తెలిసినవే. గోంజో1982 అని కొడితే చీట్లు, అంటే ఆటను తేలిక చేసే అడ్డదారులు, తెరుచుకునేవని కూడా అందరికీ తెలుసు. ఇక్కడ చెప్పాల్సింది వేరే ఉంది. ఆ ఆట మనల్ని ఎలా కూర్చోబెట్టేదన్నది.

ప్రకాశం బజార్ వెనక గల్లీలో మెట్లెక్కి పోయే సెంటర్ మాది. గంటకు పదిహేను రూపాయలు. ఒక్కడి దగ్గర అంత ఉండేది కాదు కాబట్టి ఇద్దరం కలిసి ఒక సిస్టమ్ ముందు కూర్చునేవాళ్లం. కమాండోస్‌కు అలా కూర్చోవడమే సరిపోయేది. స్క్రీన్ మీద శత్రువు క్యాంపు మొత్తం పైనుంచి కనిపిస్తుంది. ఒక సైనికుడి చూపు ఎంతవరకు పోతుందో నేల మీద ఆకుపచ్చ రంగు ముక్కలా పరుచుకుని ఉంటుంది. దగ్గర భాగం లేత రంగు, అందులో అడుగుపెడితే దొరికిపోయినట్టే. దూరం భాగం ముదురు రంగు, నేల మీద పాకుతూ పోతే తప్పించుకోవచ్చు. మొదటి ఆటలో ఒకసారికి ఒక్క సైనికుడి చూపే తెలుస్తుంది. మిగతావాళ్లు ఎటు తిరుగుతున్నారో ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. మౌస్ నా చేతిలో ఉంటే ఆ పని పక్కనున్న వాడిది. "ఆగు, వాడు ఇటు మలుగుతుండు... ఇగ పో, ఇప్పుడు పో!" అని వాడు నా మోచేయి నొక్కేవాడు. ఆటలో మన కమాండో గ్రీన్ బెరే కత్తి తీసి, పని ముగించి, శవాన్ని భుజానేసుకుని గోడ చాటుకు వచ్చేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. మంచు మీద నడిస్తే అడుగుజాడలు పడేవి, వాటిని పట్టుకుని సైనికుడు వెతుక్కుంటూ వచ్చేవాడు. అది తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాం.

డబ్బులు సమకూరిన ఆదివారాల్లో సిస్టమ్‌లన్నీ కలిపి ల్యాన్‌లో ఆడేవాళ్లం. మొదటి ఆటలో ఆరుగురి వరకు కలిసి ఆడవచ్చు. గ్రీన్ బెరే, స్నైపర్, మెరైన్, శాపర్ (పేలుడు పదార్థాల పని చూసేవాడు), డ్రైవర్, స్పై. తలా ఒకరిని తీసుకునేవాళ్లం. మా వాడొకడు ఎప్పుడూ డ్రైవర్‌నే తీసుకునేవాడు. వాడి పేరే డ్రైవర్ అయిపోయింది. ఇప్పటికీ మా ఫోన్లలో వాడి నంబర్ ఆ పేరుతోనే ఉంది.

ఈ ఆటలు పాడవడం 2003లో మూడో ఆటతోనే మొదలైందని మా గ్రూప్‌లో కొందరంటారు. అందులో మ్యాప్‌లు చిన్నవయ్యాయి, కొన్ని చోట్ల టైమ్ పెట్టి తొందరపెట్టారు. ఓపికే ప్రాణమైన ఆటలో అది తప్పే. కానీ అక్కడా కెమెరా పైనే ఉంది. ఇద్దరం కూర్చుని ప్లాన్ వేసుకునే వీలు పోలేదు. అసలు మలుపు అది కాదు.

ఆ రోజుల్లో బయట గాలి వేరేగా ఉంది. 2002లో 'మెడల్ ఆఫ్ ఆనర్: అలైడ్ అసాల్ట్', 2003లో 'కాల్ ఆఫ్ డ్యూటీ' వచ్చి రెండో ప్రపంచ యుద్ధమంటే తుపాకీ పట్టుకుని పరుగెత్తడమే అన్నట్టు చేశాయి. టీవీకి తగిలించుకునే ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్‌ల అమ్మకాలు ముఖ్యమయ్యాయి. కమాండోస్‌ను మార్కెట్లోకి తెచ్చే ఐడోస్ కంపెనీ 2005లో చేతులు మారి ఎస్‌సీఐ సొంతమైంది. 2006 మార్చిలో యూరప్‌లో స్ట్రైక్ ఫోర్స్ దిగింది. కళ్ల ముందు తుపాకీ గొట్టం, దాని వెనక మనం. కెమెరా పైనుంచి దిగి ఒక్క మనిషి తలలోకి దూరింది. నా లెక్కలో గొడవంతా ఇక్కడే ఉంది. పైనుంచి చూసే ఆటలో పక్కవాడికి పని ఉంటుంది. మనిషి కళ్లతో చూసే ఆటలో ఒక్కడే ఆడతాడు, పక్కవాడికి తల తిరుగుతుంది.

మా సెంటర్‌లో గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నది ఒకే ఒక్క సిస్టమ్. మిగతావాటి మీద ఆ ఆట లేవనే లేదు. నలుగురం ఒకడి కుర్చీ వెనక నిలబడి చూశాం. అందులో ముగ్గురే ఉన్నారు: గ్రీన్ బెరే, స్నైపర్, స్పై. కాసేపు చూసి డ్రైవర్ అడిగాడు, "మరి నేనేడున్నరా?" ఎవరం జవాబు చెప్పలేదు. మెరైన్ లేడు, శాపర్ లేడు, వాడూ లేడు.

స్ట్రైక్ ఫోర్స్‌ను వెనకేసుకొచ్చే వాళ్ల మాటా ఉంది. స్పైతో శత్రువు యూనిఫాం వేసుకుని వాళ్ల మధ్యే తిరగడం బాగుంటుంది, కొన్ని మిషన్లలో ఒకరి నుంచి ఒకరికి మారుతూ ఆడవచ్చు, పేరు పక్కన పెడితే తీసిపారేయాల్సిన షూటర్ కాదు అంటారు. అది నిజమే. ఆ పేరు పెట్టకపోతే మేమూ పట్టించుకునేవాళ్లం కాదు. కానీ ఆ పేరు చూసే కదా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న సిస్టమ్ కోసం గంటసేపు లైన్‌లో కూర్చున్నది.

పైనుంచి చూసే ఆటలకు కాలం చెల్లిందని, పైరో వాళ్లకు వేరే దారి లేదని ఇంకో వాదన. తర్వాత జరిగింది చూస్తే అది నిలబడదు. స్ట్రైక్ ఫోర్స్ తర్వాత పైరో ఇంకో కమాండోస్ తీయలేదు. కానీ మ్యూనిక్‌లోని మిమిమి స్టూడియో అదే పాత పద్ధతిలో 2016లో 'షాడో టాక్టిక్స్', 2020లో 'డెస్పరాడోస్ 3' తీసి మంచి పేరు తెచ్చుకుంది. ఆ స్టూడియో 2023లో మూతపడుతున్నట్టు ప్రకటించినప్పుడు మా గ్రూప్‌లో చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. కమాండోస్ హక్కులను జర్మనీకి చెందిన ఆటల కంపెనీ కలిప్సో 2018లో కొనుక్కుంది. పాతవాటికి మెరుగులు దిద్ది 2020లో రెండో ఆటను, 2022లో మూడోదాన్ని మళ్లీ విడుదల చేసింది. స్ట్రైక్ ఫోర్స్ జోలికి మాత్రం అప్పుడు పోలేదు.

ఇప్పుడు వచ్చిన ఆరిజిన్స్ కలిప్సో సొంత స్టూడియో క్లేమోర్ తీసింది. కెమెరా మళ్లీ పైకెక్కింది. ఆరుగురూ తిరిగొచ్చారు, వాళ్లు ఒక దళంగా ఎలా కలిశారన్నదే కథ. కొత్తలో బగ్స్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు, చాలా ఉన్నాయి. వాటి మీద కోపం వచ్చిన వాళ్లే "దీనికన్నా స్ట్రైక్ ఫోర్స్ నయం" అంటూ పాత మంట రాజేశారు. బగ్స్‌ను తర్వాత పంపే ప్యాచ్‌తో (దిద్దుబాటుతో) సరిచేయవచ్చు. 2006లో తీసేసిన ముగ్గురిని ఏ ప్యాచూ తెచ్చిపెట్టలేదు. ఆ తేడా చూడకుండా రెండింటినీ ఒక గాటన కట్టడం నాకు నచ్చలేదు.

కొత్త ఆటలో ఇద్దరు కలిసి ఆడే వీలుంది. ఆన్‌లైన్‌లోనూ, ఒకే స్క్రీన్‌ను రెండు భాగాలు చేసుకుని కూడా. మా డ్రైవర్ ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటాడు. మొన్న రాత్రి ఇద్దరం ఆడాం. మిగతా నలుగురు మమ్మల్నీ కలుపుకోండని గ్రూప్‌లో అడుగుతూనే ఉన్నారు. 1998 నాటి ఆటలో ఆరుగురం పట్టేవాళ్లం, ఇందులో ఇద్దరికే చోటుంది.