మోకాలి గుజ్జు అరిగిపోలేదు, పరుగు లెక్క తప్పింది

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన మూడు నాలుగు వారాలకు మా ఫిజియోథెరపీ గదిలో బెంచీ ఖాళీ ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస, ఎచ్చెర్ల, రణస్థలం వైపు నుంచి ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు ఎక్స్‌రే కవరు పట్టుకుని వస్తారు. కూర్చోకముందే ఒకటే మాట: "గుజ్జు అరిగిపోనాదంట సారూ, ఇంక పరిగెత్తొద్దంతన్నారు."

ఈ మాట ఎంతమంది ఏడాది కష్టాన్ని మింగేసిందో చూశాను. అందుకే ముందు దీని సంగతి. గుజ్జు అంటే కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర. ఎక్స్‌రేలో అది కనపడదు, ఎముకలు కనపడతాయి. వాటి మధ్య సందు తగ్గిందా అని చూసి గుజ్జును అంచనా వేస్తారు, అంతే. పాత దెబ్బేదీ లేని ఇరవై రెండేళ్ళ మోకాలిలో ఆ సందు తగ్గడం చాలా అరుదు. గుజ్జు బండిలో ఇంజిన్ ఆయిల్ లాంటిదీ కాదు, తిరిగినకొద్దీ తరిగిపోవడానికి. దానికి రక్తనాళాలు లేవు. బరువు పడి, వదిలినప్పుడే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, పరుగు అలవాటే లేనివాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళకు 13.3 శాతం. మన కుర్రాళ్ళలో ఎక్కువమంది ఆ మూడో గుంపు దరిదాపుల్లో కూడా లేరు.

మరి నొప్పి? అది నిజమే. మోకాలి చిప్ప చుట్టూ, మెట్లు దిగుతుంటే, బస్సులో కాళ్ళు మడిచి గంట కూర్చుంటే సలుపుతుంది. ఒక కుర్రాణ్ణి ఎంత పరిగెత్తుతున్నావని అడిగాను. నోటిఫికేషన్‌కు ముందు ఆదివారం క్రికెట్ తప్ప ఏమీ లేదు. తర్వాత పొద్దున ఐదు కిలోమీటర్లు, సాయంత్రం ఐదు, మధ్యలో రోజూ వాచీ పెట్టుకుని, కానిస్టేబుల్ పరీక్షలో ఉండే 1600 మీటర్లు. నొప్పి మొదలయ్యాక ఎవరో చెప్పారని మూడు వారాలు పూర్తిగా మంచం మీదే. చిన్న స్టూలు ఎక్కించి ఒంటికాలి మీద నెమ్మదిగా దిగమన్నాను. మోకాలు గజగజ వణుకుతూ లోపలికి, రెండో కాలి వైపు పడిపోయింది. టేపుతో కొలిస్తే నొప్పి ఉన్న వైపు తొడ రెండు సెంటీమీటర్లు తక్కువ. కండ తగ్గింది, కాబట్టి భారం చిప్ప మీద పడుతోంది. "అయితే నాది అరిగిపోలేదా సారూ?" అని రెండుసార్లు అడిగాడు. పాపం, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఎంత టెన్షన్ పడ్డాడో.

పూర్తి విశ్రాంతి ఏం చేస్తుందో నేను చదువుకునే రోజుల్లోనే ఇంట్లో చూశాను. మా అమ్మకు ఎవరో "గుజ్జు లేదు, మెట్లెక్కకు, నడవకు" అన్నారు. అమ్మ అక్షరాలా పాటించింది. వడియాలు పెట్టడానికి కూడా డాబా ఎక్కడం మానేసింది. ఏడాది తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే చెయ్యందించాల్సి వచ్చింది, షుగరు పెరిగింది. తొడకండలకు బలం వచ్చాకే మళ్ళీ డాబా ఎక్కింది.

కాబట్టి ఆపేయకండి, తగ్గించండి. నొప్పికి పదిలో మార్కులు వేయండి. పరిగెత్తుతున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ముందున్న స్థితికి వచ్చేయాలి. రాలేదంటే నిన్నటిది ఎక్కువైందన్నమాట. రోజు విడిచి రోజు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, ఇలా పదిసార్లతో మొదలుపెట్టండి. నిమిషానికి అడుగులు లెక్కపెట్టండి. 160 పడుతుంటే వేగం పెంచకుండా, అంగ చిన్నది చేసి 168కి తెండి. మోకాలి మీద భారం తగ్గుతుంది. పరుగు లేని రోజు గోడకుర్చీ, స్టూలు మీంచి ఒంటికాలితో దిగడం, పక్కకు పడుకుని కాలు ఎత్తడం. ఆరు వారాలు ఓపిక పట్టాలి. 1600 మీటర్లకు 8 నిమిషాలు అంటే నిమిషానికి 200 మీటర్లు. దానికోసం రోజూ ఫుల్ స్పీడు అక్కర్లేదు, వారంలో ఒకరోజు చాలు.

ఇంకో పాడు అలవాటు, మాత్ర వేసుకునో ఇంజెక్షన్ చేయించుకునో గ్రౌండులోకి దిగడం. పరుగు పరీక్షల (ఈవెంట్స్) రోజున సరేసరి, కొందరు ప్రాక్టీసుకే వేసుకుంటున్నారు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. పైగా ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగకుండా డైక్లోఫినాక్ లాంటివి వాడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. కవిటి, కంచిలి, సోంపేట నుంచి వచ్చేవాళ్ళకు చేతులు పట్టుకుని చెప్తాను. వాళ్ళ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చిందో వాళ్ళకు నేను చెప్పాలా? డాక్టరు రాయకుండా ఆ మాత్ర ముట్టుకోవద్దు.

మిగతావి గబగబా. బెండకాయ నానబెట్టిన నీళ్ళు, తుమ్మకాయ పొడి తాగితే గుజ్జు పెరగదు. ఫోనులో వచ్చే వీడియోలు నమ్మి డబ్బులు పోసుకోకండి. నొప్పి, వాపు లేకుండా టిక్కుమనే చప్పుడుకు భయం వద్దు. మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉందా, వేసుకోండి, కానీ కండ పని అది చెయ్యదు. కళింగపట్నం మెత్తటి ఇసుకలో పరిగెత్తితే మోకాలికి మంచిదంటారు. పాదం దిగబడి పిక్కలు, మడమ వెనక నరం పట్టేసినవాళ్ళే నా దగ్గరికొస్తారు. అలవాటైన మట్టి గ్రౌండు చాలు.

ఇదంతా మామూలు నొప్పికి. మెలిపడిన కొద్ది గంటల్లోనే మోకాలు వాచినా, మడత పడి తెరుచుకోకపోయినా, నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టున్నా, బరువు మోపలేకపోయినా, మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి ఉండి రాత్రి నిద్ర లేపుతున్నా, వాపుతో పాటు జ్వరం ఉన్నా పరుగు ఆపి ముందు ఆర్థో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జ్వరంతో వాపైతే తెల్లారేదాకా కూడా ఆగకండి.