వారానికి ఒక్క గంట పని: నిరుద్యోగ లెక్క వెనుక 50 ఏళ్ల కథ

2011-12లో జాతీయ నమూనా సర్వే సిబ్బంది దేశమంతటా ఇంటింటికీ వెళ్లి, ఎవరు ఏ పని చేస్తున్నారో రాసుకున్నారు. ఆ ఒక్క సర్వే నుంచి నిరుద్యోగ రేటు, అంటే పని చేస్తున్నవాళ్లూ పని కోసం చూస్తున్నవాళ్లూ కలిపి వందమందిలో పని దొరకనివాళ్లు ఎంతమంది అన్నది, మూడు రకాలుగా వచ్చింది: 2.2 శాతం, 3.7 శాతం, 5.6 శాతం. అడిగింది అదే మనుషుల్ని, రాసుకున్నది అవే జవాబులు. వెనక్కి తిరిగి ఎంత కాలం చూశారు, ఎంత పని చేస్తే ఉపాధి ఉన్నట్టు అన్నారు అన్నదే తేడా.

ఆ మూడింటిలో ఏది నిజం? మూడూ నిజమే. గుంటూరు జిల్లాలో ఒక వ్యవసాయ కూలీని ఊహించుకోండి. నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు పని దొరుకుతుంది. మిగతా రోజుల్లో వారానికి రెండు రోజులు దొరికితే గొప్ప. ఏడాది మొత్తం చూసే లెక్కలో ఆమె ఉపాధి ఉన్న మనిషి. ఏడాదిలో ఎక్కువ భాగం పని లేకపోయినా, 30 రోజులు ఏదో ఒక పని చేసి ఉంటే చాలు, ఆ లెక్క ఆమెను ఉపాధి వైపే వేస్తుంది. దీన్ని సాధారణ స్థితి అంటారు. వారపు స్థితి గడిచిన ఏడు రోజులే చూస్తుంది. ఆ ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా ఆమెకు ఉపాధి ఉన్నట్టే. మూడోది రోజువారీ స్థితి. అది వారంలో ప్రతి రోజునూ రెండు పూటలుగా విడదీసి, ఏ పూట పని ఉంది, ఏ పూట పనికి సిద్ధంగా ఉండి కూడా దొరకలేదు అని లెక్కిస్తుంది. ఆమె ఖాళీగా గడిపిన ఐదు రోజులు కనిపించేది ఈ మూడో లెక్కలోనే. 5.6 శాతం వచ్చింది అందుకే.

ఇప్పుడు ప్రతి నెలా వార్తల్లో వచ్చేది వారపు లెక్క. ఏటా వార్షిక నివేదికలో ముందు వరుసలో కనిపించేది సాధారణ స్థితి లెక్క. రోజువారీ లెక్క ఆ వరుసలో లేదు. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నిరుద్యోగుల సంఖ్య తెలుసుకోవడానికి దాదాపు ఒకే ఆధారం ఉండేది: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ రిజిస్టర్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి తిరిగి వచ్చే వాళ్లకు పనులు చూపడానికి ఈ కార్యాలయాలు పెట్టారు. తర్వాత అందరికీ తెరిచారు. ఖాళీలు ఉంటే ఈ కార్యాలయాలకు తెలియజేయాలని 1959లో చట్టం కూడా వచ్చింది. 1980ల్లో డిగ్రీ పూర్తి చేసిన వాళ్ల ఇళ్లలో ఆ కార్డు ఇప్పటికీ ఏదో బీరువాలో ఉండే ఉంటుంది. గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవడం, సీనియారిటీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడం, కాల్ లెటర్ కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూడటం ఒక తరం జ్ఞాపకం. కానీ ఆ రిజిస్టర్ దేశానికి అద్దం కాదు. కార్యాలయాలు పట్టణాల్లో ఉండేవి, పల్లెల్లో కూలీలకు వాటితో పనే లేదు. చిన్న ఉద్యోగంలో ఉన్నవాళ్లు మంచి ఉద్యోగం కోసం పేరు అలాగే ఉంచుకునేవారు. ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లకే పరిమితం కాకూడదు, ఖాళీలను బహిరంగంగా ప్రకటించి అందరికీ అవకాశం ఇవ్వాలి అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల నుంచే వెళ్లింది. ఆ తర్వాత కార్డు విలువ క్రమంగా తగ్గిపోయింది.

ఈలోగా ప్రణాళికా సంఘం ప్రతి పంచవర్ష ప్రణాళికలోనూ ఇంతమంది నిరుద్యోగులు మిగిలారు, ఇంతమందికి పని చూపాలి అని అంకెలు వేస్తూ వచ్చింది. ఆ అంకెల మీద నమ్మకం పోయింది. 1968లో ఆర్థికవేత్త ఎం.ఎల్. దాంత్‌వాలా అధ్యక్షతన నిపుణుల కమిటీ వేశారు. 1970లో అది ఇచ్చిన నివేదిక ఈ మొత్తం కథలో కీలకమైన మలుపు. మన ఆర్థిక వ్యవస్థలో పని చేసేవాళ్లూ, వాళ్ల పనులూ ఇన్ని రకాలుగా ఉన్నప్పుడు, అందరినీ కలిపి ఒకే అంకెలో కుక్కడం సరికాదు అని ఆ కమిటీ తేల్చింది. ప్రాంతం, స్త్రీలు, పురుషులు, వయసు, చదువు, సొంత పనా కూలీ పనా అన్నది విడివిడిగా చూపమంది. ఆ సిఫార్సుల ఆధారంగా 1972-73లో మొదటి పెద్ద ఉపాధి సర్వే జరిగింది. అప్పటి నుంచి 2011-12 దాకా సుమారు ఐదేళ్లకోసారి అవి సాగాయి.

కమిటీ ఎందుకంత గట్టిగా చెప్పింది? నిరుద్యోగం అనే కొలత పుట్టిన చోటు వేరు. 1930ల మహా మాంద్యంలో అమెరికాలో ఫ్యాక్టరీలు మూతపడి కోటి మందికి పైగా పని పోగొట్టుకున్నారు. వాళ్లను లెక్కపెట్టే పద్ధతి వెతుక్కుంటూ వెళ్లి, 1940లో అక్కడ నెలవారీ సర్వే మొదలుపెట్టారు. మనిషికి పని ఉందా, లేకపోతే వెతుకుతున్నాడా, రెండూ కాదా అన్న మూడు గడుల పద్ధతి అలా స్థిరపడింది. గేటు లోపల ఉన్నవాడికి జీతం, బయట ఉన్నవాడికి జీతం లేదు అన్న చోట ఈ గడులు బాగా పనిచేస్తాయి. మన దగ్గర రెండెకరాల కమతం మీద నలుగురు అన్నదమ్ములు పనిచేస్తారు. ఇద్దరు తప్పుకున్నా పంట తగ్గదు. పాఠ్యపుస్తకాలు దీన్ని ప్రచ్ఛన్న నిరుద్యోగం అన్నాయి. సర్వే ఫారంలో మాత్రం నలుగురూ ఉపాధిలో ఉన్నవాళ్లే. 1973లో రాజ్ కృష్ణ అనే ఆర్థికవేత్త ఒకరిని నిరుద్యోగి అనడానికి కాలం, ఆదాయం, పని చేయడానికి సంసిద్ధత, ఉత్పాదకత అనే నాలుగు కొలతలు పెట్టి చూడాలన్నారు. అంటే పని చేసిన గంటలతో పాటు, ఆ పనితో పొట్ట నిండుతుందా అని కూడా అడగాలని. అధికారిక రేటు ఇప్పటికీ ఆ ప్రశ్న అడగదు.

పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు. మన దగ్గర నిరుద్యోగ భృతి అంటూ నిలకడగా ఏమీ లేదు. పని పోయిన మనిషి వారం తిరక్కుండా ఏదో ఒకటి చేస్తాడు: తోపుడు బండి పెడతాడు, బండి మీద పార్సిళ్లు ఇస్తాడు, తెల్లారకముందే అడ్డా మీద నిలబడతాడు, ఊరికి వెళ్లి అన్న పొలంలో దిగుతాడు. అందుకే కష్టం పెరిగినప్పుడు మన దగ్గర నిరుద్యోగ రేటు పెరగకపోవచ్చు, తగ్గిపోనూ వచ్చు.

దీనికి లాక్‌డౌన్ సంవత్సరాన్ని మించిన రుజువు అక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ సర్వే నిరుద్యోగాన్ని 23.5 శాతంగా చూపింది. ప్రభుత్వ సర్వే కూడా 2020 ఏప్రిల్-జూన్ మధ్య పట్టణాల్లో వారపు లెక్కన దాదాపు 21 శాతం అని చెప్పింది. హైవేల మీద జనం పిల్లల్ని ఎత్తుకుని నడిచి వెళ్లిన రోజులవి. 2019 జులై నుంచి 2020 జూన్ వరకు ఏడాది మొత్తానికి వచ్చిన సాధారణ స్థితి రేటు ఎంతో తెలుసా? 4.8 శాతం. అంతకు ముందు ఏడాది 5.8. లాక్‌డౌన్ మూడు నెలలూ కలిసిన ఏడాదిలో నిరుద్యోగం తగ్గినట్టు నమోదైంది. ఎవరో అంకెలు మార్చారని నేను అనడం లేదు. ఏడాది పొడవునా చూసే కళ్లద్దాలు పెట్టుకుంటే మూడు నెలల కష్టం మసకబారుతుంది, ఊరికి తిరిగి వెళ్లి పొలం పని పట్టుకున్నవాళ్లు ఉపాధి కిందే చేరతారు.

ఈ లెక్క మీద అతి పెద్ద గొడవ జరిగింది మాత్రం అంతకు ముందే. ఐదేళ్ల సర్వేల స్థానంలో 2017 ఏప్రిల్‌లో పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్, మొదలైంది. దాని తొలి ఫలితం, 2017-18కి, 6.1 శాతం. పాత సర్వేలతో పోలిస్తే 45 ఏళ్లలో ఇంత ఎక్కువ రాలేదు. 15 నుంచి 29 ఏళ్ల యువతలో 17.8 శాతం. నివేదిక సిద్ధమైనా బయటకు రాలేదు. 2019 జనవరిలో, ప్రభుత్వ గణాంకాలను పర్యవేక్షించే జాతీయ గణాంక సంఘం తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. ఆ అంకె పత్రికల్లో వచ్చేసింది. పాత సర్వేలతో కొత్తదాన్ని పోల్చకూడదని ప్రభుత్వం వాదించింది. శాంపిల్ ఎంపికలో మార్పులు జరిగిన మాట నిజమే. కానీ లోక్‌సభ ఎన్నికలు పూర్తయ్యాక, మే 31న, అదే 6.1 శాతంతో నివేదిక అధికారికంగా విడుదలైంది. దేశంలో గణాంకాల మీద నమ్మకానికి ఆ నాలుగు నెలలు చేసిన నష్టం చిన్నది కాదు. ఆ తర్వాత మంచి అంకె వచ్చినా జనం అనుమానంగానే చూశారు.

మంచి అంకెలు వరసగా వచ్చాయి. 2020-21లో 4.2, 2022-23లోనూ 2023-24లోనూ 3.2. ఆరేళ్లలో రేటు దాదాపు సగమైంది. ఇది ఎలా సగమైందో చూడటమే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం అని నా అభిప్రాయం.

2017-18లో 15 ఏళ్లు దాటిన స్త్రీలలో పని చేస్తున్నవాళ్లు, పని కోసం చూస్తున్నవాళ్లు కలిపి 23.3 శాతం ఉండేవారు. 2023-24 నాటికి అది 41.7 శాతమైంది. ఇంత తక్కువ కాలంలో ఇంత పెరుగుదల మామూలు సంగతి కాదు. అయితే వీళ్లు ఎక్కడ చేరారు? అదే కాలంలో దేశంలో పని చేస్తున్న మొత్తం మందిలో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. ఆ స్వయం ఉపాధి లోపలే లెక్కకొచ్చే, ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు, పని చేస్తున్న మొత్తం మందిలో 13.6 శాతం నుంచి 19.4 శాతానికి చేరారు. నెల జీతం వచ్చే ఉద్యోగాల వాటా 22.8 నుంచి 21.7కి తగ్గింది. 2018-19లో 42.5 శాతానికి దిగిన వ్యవసాయం వాటా మళ్లీ 46.1కి ఎక్కింది. దశాబ్దాలుగా పొలం నుంచి బయటకు నడిచిన జనం వెనక్కి తిరిగారు.

కౌలు రైతు భార్యను తీసుకోండి. పొద్దున్నే గేదెకు మేత వేసి, పాలు పితికి, కేంద్రంలో పోసి, పత్తి చేలో కలుపు తీసి, సాయంత్రం వంట చేస్తుంది. ఆమె చేతికి ఒక్క రూపాయి రాదు. ఆమె పనిని పనిగా గుర్తించడం న్యాయమే, దశాబ్దాల పాటు ‘ఇంటి పని’ అని కొట్టేశారు. కానీ ఆమెను ‘ఉపాధి పెరిగింది’ అనే మాటకు సాక్ష్యంగా నిలబెడితే మాత్రం ఆమెకే అన్యాయం. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సదస్సు, తమ ఇంట్లో వాడుకోవడానికి పండించుకునే పనిని ఉపాధి నుంచి వేరు చేసి చూపాలని తీర్మానించింది. మన సర్వే ఆ పంటనూ ఉపాధిలోనే కలుపుతోంది.

ఇటు రేటులో కనిపించే నిరుద్యోగం ఎవరిది? ఎక్కువగా చదువుకున్నవాళ్లది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, గ్రాడ్యుయేట్లలో 29.1 శాతం. చదువు వల్ల ఉద్యోగం పోయిందని దీని అర్థం కాదు. ఇంట్లో కొంచెం ఆసరా ఉన్నవాడే ‘నాకు తగిన ఉద్యోగం కోసం ఆగుతాను’ అనగలడు.

మన రెండు రాష్ట్రాల్లోనూ 2023-24 రేటు జాతీయ సగటు కన్నా ఎక్కువే: ఆంధ్రప్రదేశ్‌లో 4.1, తెలంగాణలో 4.8 శాతం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, అవనిగడ్డలో గదుల్లో ఉండి నోటిఫికేషన్ కోసం చదివే వాళ్లను చూసినవాళ్లకు ఈ అంకెలు చిన్నగా అనిపిస్తాయి. ఆ అనిపించడంలో తప్పు లేదు. తెలంగాణలో 2022 చివర్లో వచ్చిన గ్రూప్-4 నోటిఫికేషన్‌లో పోస్టులు ఎనిమిది వేల పైచిలుకు, దరఖాస్తులు తొమ్మిదిన్నర లక్షలు. ఆ తొమ్మిదిన్నర లక్షల మందిలో ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పేవాళ్లు సర్వేలో ఉద్యోగులు. సాయంత్రాలు డెలివరీ చేసేవాళ్లు కూడా ఉద్యోగులే. ఇంట్లో కూర్చుని చదివే అబ్బాయి గురించి సర్వే మనిషి వచ్చి అడిగితే, వాళ్ల అమ్మ ‘చదువుకుంటున్నాడమ్మా’ అంటే అతను విద్యార్థి కిందకు పోవచ్చు, ‘పని కోసం చూస్తున్నాడు’ అంటే నిరుద్యోగి. ఆ ఇంట్లో టెన్షన్ రెండు జవాబుల్లోనూ ఒకటే.

2025 నుంచి సర్వేను పెంచి, పల్లెలకూ పట్టణాలకూ కలిపి నెల నెలా అంకెలు ఇస్తున్నారు. ఏప్రిల్‌కి వచ్చిన తొలి నెలవారీ రేటు 5.1 శాతం. సంవత్సరాల తరబడి ఎదురుచూసిన అంకె ఇప్పుడు వారాల్లోనే చేతికి రావడం నిజంగా మంచి మార్పు. అయితే అది వారపు లెక్క, ఒక్క గంట నియమం అందులో అలాగే ఉంది. దాన్ని పాత 3.2తో పోల్చి నిరుద్యోగం పెరిగిందనడం తప్పు, పోల్చి తగ్గిందనడమూ తప్పే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినప్పుడు, ఆ చట్టం వెనుక ఉన్న ఆలోచన రోజులను లెక్కపెట్టడమే: ఒక ఇంటికి ఏడాదిలో వంద రోజులు. మన జనం దాన్ని వంద రోజుల పని, కరువు పని అని పిలిచారు. పని లేకపోవడాన్ని రోజుల్లో కొలిచే ఆ పద్ధతే దాంత్‌వాలా కమిటీ తర్వాత వచ్చిన రోజువారీ లెక్కలోనూ ఉంది. పీఎల్‌ఎఫ్‌ఎస్ ఫారంలో గడిచిన ఏడు రోజుల్లో ఒక్కో రోజు ఎన్ని గంటలు పని చేశారు, ఇంకా పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నారా అన్న గడులు ఉన్నాయి. సర్వే మనిషి ప్రతి ఇంట్లో వాటిని అడిగి నింపుతూనే వచ్చాడు.