సైనికుడి ఉక్కు కాళ్లకు కరెంటు ఎక్కణ్ణుంచి?

బరువులు మొయ్యడానికి ఒంటికి తొడుక్కునే ఉక్కు అస్థిపంజరం, అంటే ఎక్సోస్కెలిటన్, కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1965లోనే ‘హార్డిమాన్’ పేరుతో ఒకటి మొదలుపెట్టింది. దాని బరువు 680 కిలోలు, ఎత్తాల్సిన బరువూ అంతే. చివరికి ఒక్క చెయ్యి మాత్రం పనిచేసి, లక్ష్యంలో సగం ఎత్తింది. మొత్తం యంత్రాన్ని ఒకేసారి నడిపిస్తే అదుపు తప్పి ఊగిపోయేది. మనిషిని లోపల పెట్టి ఆ పని చేసే సాహసం ఎవరూ చెయ్యలేదు.

అదుపు సంగతిని సెన్సర్లు, కంప్యూటర్లు చాలావరకు చూసుకున్నాయి. తేలనిది కరెంటు లెక్క. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిధులతో బర్క్‌లీ యూనివర్సిటీ ‘బ్లీక్స్’ అనే ఎక్సోస్కెలిటన్ చేసింది. చదునైన నేల మీద నడిస్తే అది సగటున 1,143 వాట్ల హైడ్రాలిక్ (ద్రవ ఒత్తిడితో కీళ్లను కదిపే) శక్తి తీసుకుంటుంది, ఎలక్ట్రానిక్స్‌కి మరో 200 వాట్లు. అదే నడకకు 75 కిలోల మనిషి ఒళ్లు ఖర్చుపెట్టేది దాదాపు 165 వాట్లు. ఎనిమిది రెట్లు తేడా! 8 గంటల నడకకు 10.7 యూనిట్ల (యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు) కరెంటు కావాలి. పెట్టె, వైర్లతో కలిపి కిలో లిథియం బ్యాటరీ 150 వాట్-అవర్లు ఇస్తుందనుకుంటే, బ్యాటరీయే 70 కిలోలు దాటుతుంది. మోటారు, పంపుల్లో పోయే నష్టం ఇందులో కలపలేదు. ఆ బ్యాటరీని మొయ్యడానికి ఇంకాస్త శక్తి, దానికి ఇంకో బ్యాటరీ... తడిసి మోపెడవడమంటే ఇదే.

పెట్రోలు కిలోకి 12,000 వాట్-అవర్లకు పైగా ఇస్తుంది, కాబట్టి చిన్న ఇంజన్ పెట్టొచ్చు. కానీ చప్పుడు! 180 కిలోలు మోసే ‘ఎల్ఎస్3’ అనే నాలుగు కాళ్ల రోబోను అమెరికా మెరీన్లు 2015లో పక్కన పెట్టేసింది ముఖ్యంగా ఇంజన్ మోత వల్లే. శత్రువుకు కిలోమీటరు ముందే కబురందుతుందంటే ఎవరు వాడతారు?

కరెంటు సమస్య లేదనుకున్నా కాలు ఒప్పుకోదు. పాదానికి కట్టిన కిలో, నడుముకు కట్టిన నాలుగైదు కిలోలంత అలసట తెస్తుంది. అడుగడుక్కీ దాన్ని ఊపి ఆపాలి కదా. పైగా మన మోకాలు తలుపు బందులా ఒకే ఇరుసు మీద తిరగదు, వంగుతూ కొంచెం జారుతుంది. లోహపు కీలు అలా జారదు. ఆ తేడా అంతా పిక్క మీది పట్టీ దగ్గర ఒత్తిడిగా తేలి, చర్మం ఒరుసుకుపోతుంది. ఇక టైమింగ్: మడమ లేచి, కాలి వేళ్లు నేలను నెట్టే క్షణానికే మోటారు తోడవ్వాలి. కాస్త ముందో వెనకో అయితే సాయం కాస్తా అడ్డవుతుంది.

ఆశ్చర్యమేమిటంటే, 2015లో అమెరికా పరిశోధకులు మోటారు, బ్యాటరీ ఏవీ లేకుండా, పిక్క వెనక స్ప్రింగు, చిన్న క్లచ్ మాత్రమే పెట్టి నడక ఖర్చును 7.2 శాతం తగ్గించారు. అయితే అది మామూలు నడకకే. అమెరికా ప్రత్యేక దళాల ‘టాలోస్’ కవచం మాత్రం 2013లో ఆర్భాటంగా మొదలై, యుద్ధానికి పనికొచ్చే సూటు రాకుండానే 2019లో ముగిసింది.

మా అంచనాలో బరువును సైనికుడి కాళ్ల మీద నుంచి దించి, పక్కన నడిచే రోబోకి ఇవ్వడమే ముందు జరిగే పని. హైదరాబాద్‌లోని స్వయ రోబోటిక్స్ డీఆర్‌డీఓతో కలిసి నాలుగు కాళ్ల రోబోనూ ఎక్సోస్కెలిటన్‌నూ రెండిటినీ తయారుచేసింది. 2025 జనవరిలో పుణెలో జరిగిన ఆర్మీ డే కవాతులో మన సైన్యం రోబో కంచరగాడిదలు నడిచాయి. ఇవి బ్యాటరీ మీద నడుస్తాయి, మోత తక్కువ. మోసేది మాత్రం కొద్ది కిలోలే. హిమాలయాల చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం బాగా పడిపోతుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే ఆనోడ్ (బ్యాటరీ లోపలి రుణ ధ్రువం) మీద లిథియం లోహంగా పేరుకుని, సెల్ పాడవుతుంది, లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అంచేత ముందు బ్యాటరీని వెచ్చబెట్టాలి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. వెచ్చబెట్టడానికయ్యే కరెంటునూ శిబిరం జనరేటర్ లెక్కలో కలుపుకోవాలి.