దేనికోసం ఆగిందో ముందు చూడండి

నల్లగొండ

చిరంజీవులిద్దరికీ పెద్దనాయిన ఆశీస్సులు.

బిడ్డా, పాలమూరు నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆగిపోయిన ప్రోగ్రాంను ఎట్ల చూడాల్నో ఆ గడబిడలో సరిగ్గ చెప్పలేకపోయిన. అందుకే తీరుబడిగ రాస్తున్న. చిన్నోడా, నువ్వు కూడ చదువు. రేపు నీకూ ఈ పనే పడేటట్టున్నది.

బ్యాకప్ ప్రాసెస్, అంటే డేటాకు నకలు తీసే ప్రోగ్రాం, పొద్దటినుంచి కదలడం లేదన్నవు. బలవంతంగ చంపే కిల్ మైనస్ నైన్ కొట్టినా పోలేదన్నవు. మిషన్ మీద రద్దీ చెప్పే లోడ్ అంకె 40 చూపిస్తుంటే సీపీయూ మాత్రం ఖాళీగ కూసున్నదన్నవు. ఆఖరికి మీ సీనియర్ మిషన్‌నే రీబూట్ చేసిండు. పని నడిచింది, కాదనను. కానీ ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాళ్లన్నీ ఆ రీబూట్‌తోనే కొట్టుకపోయినయి.

నువ్వు చెప్పిన మూడూ ఒక్క రోగం లక్షణాలే. లినక్స్‌లో ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్‌ను పీఎస్ ఏయూఎక్స్ అని కొడితే స్టాట్ అనే నిలువు వరుసలో ప్రతి ప్రాసెస్‌కూ ఒక అక్షరం కనబడ్తది. ఆర్ ఉంటే అది నడుస్తున్నది, లేకుంటే సీపీయూ కోసం వరుసలో నిలబడ్డది. ఎస్ ఉంటే మామూలు నిద్ర, పిలిస్తే లేస్తది. సర్వర్ మీద ఎక్కువ ప్రాసెస్‌లు ఎస్‌లోనే ఉంటయి, దానికి భయపడే పనిలేదు. చూడాల్సింది డి. అప్పుడు ప్రాసెస్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్ లోపలికి పోయి, డిస్క్ జవాబు కోసమో నెట్‌వర్క్ అవతలి ఫైల్ సర్వర్ జవాబు కోసమో బిగుసుకపోయి ఉంటది. కిల్ పంపేది ఒక సంకేతమే. ఆ పని మధ్యలో ఉన్నంతసేపు ప్రాసెస్ ఆ సంకేతాన్ని అందుకోదు, 9 నంబరుదైనా సరే. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్ఎఫ్ఎస్ లాంటి చోట్ల కొన్ని ఎదురుచూపులను మాత్రం 9తో తెంపొచ్చు, 2008లో వచ్చిన 2.6.25 కెర్నల్ నుంచి ఆ సౌకర్యం ఉన్నది. కానీ చెడిపోతున్న డిస్క్ ముందట నిలబడ్డదాన్ని డిస్కే వదిలిపెట్టాలె.

లోడ్ సంగతి కూడ ఇక్కడే తేలుతది. లినక్స్ లోడ్ లెక్కలో ఆర్‌లో ఉన్నవాటితోపాటు డిలో ఉన్నవాటినీ కలుపుతది. సీపీయూ ఖాళీగ ఉండి లోడ్ 40 అంటే, ఓ నలభై దాకా ఏదో ఒక డిస్క్‌దో ఫైల్ సర్వర్‌దో గుమ్మం ముందట పడిగాపులు కాస్తున్నయన్నట్టు. అప్పుడు కెర్నల్ సందేశాలు చూపే డిమెస్గ్ తెరిచి చూస్తే, ఫలానా టాస్క్ 120 సెకన్ల కంటే ఎక్కువసేపు ఆగిపోయిందని కెర్నలే రాసిపెట్టి ఉంటది, ఆ హెచ్చరికను ఎవరన్న ఆపెయ్యకుంటే. దాని చుట్టుపక్కలనే డిస్క్ రాతల తప్పులు కూడ కనబడొచ్చు. నాకైతే మీ బ్యాకప్ డిస్క్ మీదనో, దాని కేబుల్ మీదనో అనుమానం.

ఇంక రెండో సంగతి. ఆలస్యమైన ప్రతిదీ హ్యాంగ్ కాదు. మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల లెక్కల సాఫ్ట్‌వేర్‌ను కొన్నేండ్లు నేనే చూసుకున్న. మామూలు రోజుల్లో నిమిషాల్లో అయ్యే రిపోర్టు, వడ్లు దిగే రోజుల్లో గంటలు పట్టేది. ఆగిందనుకొని మధ్యలో తెంపితే మళ్ల మొదటికొస్తది. అందుకే గడియారం చూసి తీర్పు చెప్పొద్దు. పీఎస్‌లో ఈటైమ్ అనేది పుట్టినప్పటినుంచి గడిచిన కాలం, టైమ్ అనేది నిజంగ సీపీయూ వాడుకున్న కాలం. రెండూ రాసుకొని, పది నిమిషాలాగి మళ్ల చూడు. సీపీయూ కాలం పెరగలేదంటే అది దేనికోసమో ఎదురుచూస్తున్నది. పెరిగితే పనన్న చేస్తున్నది, లేకుంటే ఒకేచోట గిరగిర తిరుగుతున్నది. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఐఓ అనే ఫైల్ ఉంటది. చదివిన, రాసిన బైట్ల లెక్క అందులో ముందుకు పోతుంటే ఓపిక పట్టు.

దేనికోసం ఎదురుచూస్తున్నదో, ప్రాసెస్ కెర్నల్‌ను ఏం అడుగుతున్నదో చూపే ఎస్‌ట్రేస్ కమాండ్ చెప్తది. ఫ్యూటెక్స్ అనే తాళం మీద ఆగి ఉంటే సాధారణంగ లోపల ఇంకో థ్రెడ్ (ప్రాసెస్‌లోనే నడిచే ఒక పాయ) ఆ తాళం పట్టుకొని కూసున్నట్టు, సాకెట్, అంటే నెట్‌వర్క్ కనెక్షన్, మీద రీడ్ దగ్గర ఆగి ఉంటే అవతలి మిషన్ పలకనట్టు. ఎస్‌ట్రేస్ పెడితే ప్రాసెస్ బాగ నెమ్మదిస్తది, రద్దీ టైమ్‌లో ఎక్కువసేపు పెట్టి ఉంచకండి. జావా ప్రోగ్రామైతే కిల్ మైనస్ త్రీ కొట్టు. అది చావదు, ఏ థ్రెడ్ ఏడ నిలబడ్డదో మొత్తం కక్కుతది. కొన్ని సెకన్ల తేడాతో రెండుమూడు సార్లు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నిట్లో అదే వరుస దగ్గర కనబడే థ్రెడ్ మీద దృష్టి పెట్టొచ్చు.

నన్ను ఎక్కువ సతాయించినయి మాత్రం డేటాబేస్ తాళాలే. వెబ్‌సైట్ ఆగిపోయిందని అందరూ వెబ్ సర్వర్ మీద పడ్తరు. దొంగ డేటాబేస్‌లో ఉంటడు. ఎవరో ట్రాన్సాక్షన్ (ఒక్కటిగ జరగాల్సిన మార్పుల గుంపు) తెరిచి, కమిట్, అంటే ఖాయం, చెయ్యకుండ చాయ్ తాగపోతడు, వెనుక వరుస కడ్తది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎవరు ఏం చేస్తున్నరో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ చూస్తే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని వాడి పేరు మీదనే రాసి ఉంటది. ఆగిపోయిన క్వెరీ అయితే ముందు, ఆ క్వెరీని మాత్రమే ఆపే పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్ వాడాలె. ఇట్ల తెరిచిపెట్టి ఊరికె కూసున్నోనికి అది పనిచెయ్యదు, కనెక్షన్‌నే తెంపే పీజీ టర్మినేట్ బ్యాకెండే కావాలె. పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌కు బయటినుంచి 9 మాత్రం కొట్టకండి. ఒక్కటి అట్ల చస్తే, మెమొరీ చెడిపోయిందేమో అని మొత్తం సర్వర్ అందరి కనెక్షన్లూ తెంపి రికవరీకి పోతది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇంకో తిరకాసు. పెద్ద అప్‌డేట్‌ను మధ్యలో ఆపితే చేసిందంతా వెనక్కి తిప్పుకోవాలె, దానికీ గంటలు పట్టొచ్చు. కిల్డ్ అని చూపిస్తూనే పోతలేదని సర్వర్ రీస్టార్ట్ చేసెటోళ్లున్నరు. లేచినంక కూడ మిగిలిన తిప్పుడు తప్పదు.

తప్పనిసరై ఆపాల్సి వస్తే ముందు ఉట్టి కిల్ కొట్టాలె. అది 15, అంటే సర్దుకొని పొమ్మనడం. ప్రోగ్రాం తన తాళం ఫైళ్లు తీసేసి, సగం రాసినవి మూసేసి పోతది. 9కి ఆ అవకాశం ఉండదు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కూడ సర్వీసును ఆపమంటే ముందు 15 పంపి, మామూలుగ 90 సెకన్లు చూసి, అప్పుడే 9 వాడ్తది. ప్రోగ్రామే అంత మర్యాద పాటిస్తుంటే మనకేం తొందర? కొట్టే ముందు నంబరు ఇంకోసారి చూసుకోండి. పాతది పోయి అదే నంబరు ఇంకోదానికి వచ్చి ఉండొచ్చు. జెడ్ అక్షరంతో కనబడే జాంబీల జోలికి పోకండి. అవి ఎప్పుడో చచ్చినయి, తల్లి ప్రాసెస్ పట్టించుకోకనే పట్టికలో పేరు మిగిలింది. చూడాల్సింది తల్లినే.

ఇదంతా రాకుండ ఉండాల్నంటే గడువులు పెట్టాలె. చెప్పిన టైమ్‌కు దానంతటదే నడిచేటట్టు క్రాన్‌లో పెట్టే పనికి ముందు టైమ్‌అవుట్ కమాండ్ తగిలిస్తే, గడువు దాటంగనే 15 పంపి ఆపుతది, 124 కోడ్‌తో బయటికొస్తది. నిన్నటిది అవ్వకముందే ఇయ్యాల్టిది మొదలుకాకుండ ఫ్లాక్ అనే తాళం కమాండ్ వాడండి. మీ నలభై ప్రాసెస్‌లలో సగం అట్ల ఒకదాని మీద ఒకటి పడ్డ బ్యాకప్‌లే అయి ఉంటయని నా ఊహ. చిన్నోడా, వెబ్ నుంచి డేటా తేనీకె నువ్వు వాడే పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి మనం చెప్పకుంటే గడువే ఉండదు, అవతలోడు పలికేదాక కూసుంటది.

ప్రాసెస్ పడిపోతే దానంతటదే లేచేటట్టు పెట్టినం, ఇంక బాధలేదని మీ సీనియర్ అంటున్నడని చెప్పినవు. మన బాయికాడి ఆటో స్టార్టర్ యాదికి తెచ్చుకోండి. కరెంటు వస్తే మోటర్ దానంతటదే లేస్తది, బోర్ల నీళ్లున్నయా లేవా దానికి తెల్వదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యమని సర్కారే రైతులను అడిగింది. రీస్టార్ట్ ఒక్కటే పెట్టుకుంటే ఇదే గతి. పైగా హ్యాంగైన ప్రాసెస్ పడిపోదు గదా, రీస్టార్ట్‌కు పనే ఉండదు. పనిలో ప్రతి దశ దాటినప్పుడు ప్రోగ్రామే ఒక ఫైల్ మీద టైమ్ రాయాలె, ఆ టైమ్ పాతబడితే మీకు అలారం రావాలె. సిస్టమ్‌డీలో వాచ్‌డాగ్ సెక్ అనే గడువు కూడ ఇట్లాంటి హాజరునే అడుగుతది. బ్యాకప్‌కైతే, ఆఖరిసారి నిజంగ పూర్తయింది ఎప్పుడు అన్న ఒక్క లెక్క కనిపెట్టుకుంటే ముప్పావు పని అయినట్టే.

మళ్ల ఆగితే రీబూట్ చేసే ముందు పీఎస్ మొత్తం, డిమెస్గ్ చివరి భాగం, ప్రాక్‌లో ఆ ప్రాసెస్ నంబరు కింద, కెర్నల్‌లో ఏడ ఆగిందో చెప్పే స్టాక్ అనే ఫైల్ ఒకచోట దాచిపెట్టు. స్టాక్ చూడాల్నంటే రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్, కావాలె, మీ సీనియర్‌నే అడుగు. ఆ మూడూ నాకు పంపు. డిస్క్ సంగతి మాత్రం ఈ వారంలోనే డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో చూపించు, ఆగేదాక ఆగకు.

మీ పెద్దనాయిన