వడిసెల రాయి ఎటు పోతుంది?

జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేవాళ్లకు ఆయుధం వడిసెల. రెండు తాళ్లు, మధ్యలో రాయి పట్టేంత జోలె. ఒక తాడు కొసను వేలికి తగిలించుకుని, రెండో కొసను బొటనవేలితో నొక్కిపట్టి గిరగిరా తిప్పుతారు. రాయి వడి అందుకోగానే రెండో కొస వదిలేస్తారు.

తిప్పుతున్నంతసేపూ చెయ్యి బయటికి లాగినట్టుంటుంది. దాంతో రాయిని ఏదో బలం బయటికి తోస్తోందని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే, వదలగానే రాయి తాడు చాచి ఉన్న దిక్కుకే దూసుకుపోవాలి. పోదు. తాడుకు లంబంగా, స్పర్శరేఖ వెంట పోతుంది. వదిలే క్షణంలో దాని వేగం అటే ఉంది మరి. తిన్నగా పోవాల్సిన రాయిని అనుక్షణం లోపలికి వంచుతున్నది తాడు. అదే అభికేంద్ర బలం. తాడు రాయిని లోపలికి లాగుతుంటే, చేతిని బయటికి లాగుతుంది. మనకు తెలిసేది ఈ రెండోదే.

మరి బయటికి తోస్తుందనుకునే ఆ బలం, అంటే అపకేంద్ర బలం, ఉత్తదేనా? మలుపు తిరిగే బస్సులో కూర్చుని లెక్క వేసేవాడికి అది కావాలి. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి అక్కర్లేదు: బస్సు తిరిగింది, లోపలి మనిషి తిన్నగా పోబోయాడు, అంతే. ఎవరి వైపు నుంచి చూస్తున్నామో చెప్పకుండా రెండు బలాలనూ ఒకే బొమ్మలో గీసేస్తేనే పిల్లలకు తికమక.

100 గ్రాముల రాయిని మీటరు వ్యాసార్ధంలో సెకనుకు 2 చుట్లు తిప్పితే వేగం గంటకు 45 కిలోమీటర్లు. తాడు మీద లాగుడు దాదాపు 1.6 కిలోల బరువుంత, అంటే రాయి బరువుకు 16 రెట్లు. 4 చుట్లు తిప్పారా, లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పాత తాళ్లు తెగేది అక్కడే.

గురి సంగతి ఇంకా కష్టం. సెకనుకు 2 చుట్ల దగ్గర, వదలడం సెకనులో యాభయ్యో వంతు ఆలస్యమైతే దిక్కు 14 డిగ్రీలు తప్పుతుంది. 30 మీటర్ల దూరంలో అది 7 మీటర్ల పైమాటే. కాకి నవ్వుకుంటుంది.

1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో అభికేంద్ర బలాన్ని నిర్వచిస్తూ న్యూటన్ ఉదాహరణగా తీసుకున్నదీ వడిసెల రాయినే. వెంటనే చంద్రుడి మీదికి వెళ్లాడు. అక్కడ తాడు పని భూమి ఆకర్షణ చేస్తుంది. చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు పోతాడు. ఆ సెకనులో తిన్నని దారి నుంచి భూమి వైపు వంగేది 1.4 మిల్లీమీటర్లే. చుట్టూ తిరగడానికి అది చాలు.